ఆ రంగులు సూర్యుడివి కావు

నాసా నడుపుతున్న సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ విడుదల చేసే చిత్రాలను వరసగా పేర్చి చూస్తే ఒకే సూర్యుడు ఒకే సమయాన రకరకాలుగా కనిపిస్తాడు. ఒక చిత్రంలో మేలిమి బంగారు ఛాయ, మరోదాంట్లో ఎర్రెర్రగా, ఇంకోదాంట్లో ఆకుపచ్చగా, ఊదాగా, నీలంగా. వార్తాపత్రికల్లో అచ్చయ్యే, ఫోన్లలో తిరిగే సూర్యుడి ఫొటోల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. వీటిలో సూర్యుడి అసలు రంగు ఏదని అడిగితే ఏదీ కాదన్నదే జవాబు.

ఆ రంగులు శాస్త్రవేత్తలు గుర్తుకోసం కంప్యూటర్‌లో అద్దినవి. కెమెరాకు చేరింది అతినీలలోహిత కాంతి. అది మన కంటికి ఆనదు కాబట్టి దానికి రంగు అంటూ లేదు. కెమెరా నమోదు చేసేది ఎక్కడ ఎంత వెలుగు ఉందన్న లెక్క ఒక్కటే. ఒక చిత్రానికీ మరో చిత్రానికీ తికమక పడకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు కేటాయించుకున్నారు. అసలు సంగతి చిత్రం మూలన చిన్న అక్షరాల్లో ఉండే సంఖ్యలో ఉంది. 171, 193, 304 లాంటి ఆ సంఖ్య, మనం చూస్తున్నది ఎంత వేడిమి దగ్గర ఉన్న పదార్థాన్నో చెబుతుంది. రంగును వదిలి సంఖ్యను పట్టుకున్నవారికి ఆ ఫొటో ఉష్ణోగ్రతల పటంగా మారుతుంది.

నేలకు దిగని వెలుగు

మన కన్ను చూడగలిగే కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు 400 నుంచి 700 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. 400 నుంచి కిందికి 10 నానోమీటర్ల దాకా ఉన్నది అతినీలలోహితం. ఇలాంటి కాంతి ఒకటుందని 1801లో జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ కనిపెట్టాడు. సూర్యకాంతిని పట్టకంతో విడదీసి సిల్వర్ క్లోరైడ్ మీద పడనిస్తే, ఊదా రంగు దాటాక, ఏ వెలుగూ కనిపించని చోట అది మరింత త్వరగా నల్లబడింది.

ఆ కాంతిలో సూర్యుణ్ని చూడాలంటే మాత్రం మరో శతాబ్దంన్నర ఆగాల్సి వచ్చింది. 300 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని ఓజోన్ పొర దాదాపుగా దిగమింగేస్తుంది. ఇంకా పొట్టి తరంగాలను ఆక్సిజన్, నైట్రోజన్ దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తుకు దిగి రాకముందే అడ్డుకుంటాయి. ఎంత ఎత్తయిన కొండ మీద టెలిస్కోపు పెట్టినా లాభం లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్ల వీ-2 రాకెట్లు అమెరికా చేతికి చిక్కడంతో దారి దొరికింది. 1946 అక్టోబర్ 10న న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ నుంచి ఎగిరిన వీ-2లో, నేవల్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన రిచర్డ్ టౌసీ బృందం అమర్చిన పరికరం ఓజోన్ పొరను దాటి సూర్యుడి అతినీలలోహిత వర్ణపటాన్ని ఫిల్ముపై తెచ్చింది.

1973–74లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం మీద సౌర టెలిస్కోపుల వరుసే ఉండేది. అప్పటికీ ఫిల్మే ఆధారం. రీలు అయిపోయినప్పుడల్లా వ్యోమగాములు నౌక బయటికి వచ్చి దాన్ని తీసి, కొత్తది పెట్టేవారు. 1995 డిసెంబర్ 2న బయలుదేరిన సోహో నౌకతో ఫిల్ము అవసరం తీరింది. అతినీలలోహితంలో సూర్యుడి చిత్రాలు నౌక నుంచి నేరుగా, క్రమం తప్పకుండా రావడం మొదలైంది.

గుంటూరు హీలియం, కరోనా ఇనుము

ఇంత కష్టపడి ఈ కాంతినే ఎందుకు పట్టుకోవాలి? దీనికి జవాబు మన గుంటూరు మీదుగా వెళుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో పరికరాలతో సిద్ధంగా ఉన్నారు. సూర్యుడి అంచున ఎగసిపడే ఎర్రటి జ్వాలా శిఖరాల కాంతిని విడదీసి చూస్తే ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అంటే అవి వేడి వాయువులు. వాటిలో ఒక పసుపు గీత సోడియం గీతకు దగ్గరగా ఉన్నా, దానితో కలవలేదు. తర్వాత ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఆ గీతను అధ్యయనం చేసి, అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చాడు. అదే హీలియం. భూమి మీద విలియం రామ్సే దాన్ని పట్టుకున్నది 1895లో.

మరుసటి ఏడాది, 1869 ఆగస్టు 7న అమెరికాలో కనిపించిన గ్రహణం మరో చిక్కుముడి వేసింది. సూర్యుడి చుట్టూ తెల్లగా విచ్చుకునే కరోనాలో 530 నానోమీటర్ల దగ్గర ఓ ఆకుపచ్చ గీత కనిపించింది. హీలియం అనుభవంతో, ఇదీ కొత్త మూలకమే అనుకుని కరోనియం అని పేరు పెట్టారు. డెబ్బై ఏళ్లు వెతికినా కరోనియం దొరకలేదు. 1939లో జర్మనీకి చెందిన వాల్టర్ గ్రోట్రియన్ దారి చూపితే, 1940ల మొదట్లో స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ ఎడ్లెన్ గుట్టు విప్పాడు. ఆ గీత ఇనుముది. కాకపోతే మామూలు ఇనుము కాదు, తన 26 ఎలక్ట్రాన్లలో 13 పోగొట్టుకున్న ఇనుము.

కమ్మరి కొలిమిలో కాలుతున్న ఇనుము రంగును బట్టే దాని వేడిని అంచనా వేస్తాడు. సౌర శాస్త్రవేత్త కూడా ఇనుమునే చూస్తాడు గానీ, చూసేది రంగును కాదు, అది ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకుందో. వేడి పెరిగేకొద్దీ పరమాణువులు మరింత బలంగా ఢీకొని మరిన్ని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. 13 ఊడాలంటే ఇరవై లక్షల డిగ్రీల స్థాయి వేడి కావాలి. మనకు కనిపించే సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. కేంద్రం నుంచి దూరం జరిగేకొద్దీ చల్లబడాల్సింది పోయి, ఉపరితలం పైన కొన్ని వేల కిలోమీటర్లు దాటేసరికి వేడి వందల రెట్లు పెరుగుతోంది. ఎందుకన్నది నేటికీ పూర్తిగా తేలని ప్రశ్న.

అతినీలలోహితం అవసరం ఇక్కడే. లక్షల డిగ్రీల్లో ఉన్న ఇనుము వెదజల్లే కాంతిలో ఎక్కువ భాగం 10 నుంచి 40 నానోమీటర్ల మధ్య ఉంటుంది. 5,500 డిగ్రీల ఉపరితలం ఆ తరంగాల్లో దాదాపు ఏమీ వెలువరించదు. అందుకే అక్కడ సూర్యబింబం నల్లగా వెనక్కి తగ్గి, దాని మీద పరుచుకున్న కరోనా ముందుకు వస్తుంది. చంద్రుడు అడ్డొచ్చిన ఆ కొద్ది నిమిషాల్లో, అదీ అంచున మాత్రమే కనిపించే కరోనాను గ్రహణంతో పనిలేకుండా బింబం నడిబొడ్డున కూడా చూడవచ్చు.

సంఖ్య చెప్పే సంగతి

2010 ఫిబ్రవరి 11న ప్రయోగించిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీలో నాలుగు టెలిస్కోపులు కలిసి పది తరంగదైర్ఘ్యాల్లో సూర్యుణ్ని చిత్రిస్తాయి. అందులో తొమ్మిది అతినీలలోహితంలోనివే. ఒక్కో చిత్రం 4,096 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు. ఒక్కో తరంగదైర్ఘ్యంలో వచ్చే చిత్రాలది ఒక్కో వరుస. కరోనాను చూసే వరుసల్లో సుమారు 12 సెకన్లకోసారి కొత్త చిత్రం వస్తుంది. మూలన ఉండే సంఖ్య ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటుంది. దాన్ని పదితో భాగిస్తే నానోమీటర్లు.

బంగారు రంగు అద్దిన 171 అంటే 17.1 నానోమీటర్లు. అది ఎనిమిది ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము కాంతి. ఆరేడు లక్షల డిగ్రీల వేడిని సూచిస్తుంది. సూర్యుడి మీద విల్లుల్లా వంగి లేచే అందమైన తోరణాలు ఇందులోనే బాగా కనిపిస్తాయి. అవి అయస్కాంత రేఖల వెంట పేరుకున్న ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన వేడి వాయువు. 193లో పదకొండు పోయిన ఇనుము, పన్నెండు పదిహేను లక్షల డిగ్రీలు. 211లో కనిపించేది పదమూడు పోయిన ఇనుము. అంటే ఒకప్పుడు కరోనియం అని పొరబడిన పదార్థమే ఇక్కడ ఊదా రంగులో ఫొటో దిగుతోంది. ఆకుపచ్చ 94లో పదిహేడు పోయిన ఇనుము, అరవై లక్షల డిగ్రీల పైమాట. అది భారీ సౌరజ్వాలల చోట మెరుస్తుంది. ఎర్రటి 304లో ఇనుముకు పని లేదు. అది ఒక ఎలక్ట్రాన్ పోయిన హీలియం, యాభై వేల డిగ్రీల దగ్గరిది. గుంటూరులో జాన్సెన్ చూసిన జ్వాలా శిఖరాలను ఈనాడు ఏ పూట కావాలంటే ఆ పూట చూపించేది ఈ చిత్రమే.

ఇక్కడ పప్పులో కాలేసే అవకాశాలూ ఉన్నాయి. చిత్రంలో ఒకచోట నల్లగా ఉంటే అక్కడ ఏమీ లేదనుకోకూడదు. ఆ ఉష్ణోగ్రత దగ్గర పదార్థం తక్కువగా ఉందని ఒక అర్థం. అంతకంటే చల్లని దట్టమైన ప్లాస్మా ముందు నిలబడి వెనక వెలుగును మింగుతోందని మరో అర్థం. 193 చిత్రంలో పెద్ద నల్లటి మరక సాధారణంగా కరోనా రంధ్రం. అక్కడ అయస్కాంత రేఖలు వంగి తిరిగి రాకుండా అంతరిక్షంలోకి తెరుచుకుని ఉంటాయి. వేగవంతమైన సౌరపవనం వాటి గుండా బయటికి వీస్తుంది. అదే నలుపు సన్నని తాడులా ఉంటే, కరోనాలో వేలాడుతున్న చల్లని ప్లాస్మా తంతువు కావచ్చు. పైగా ఒక వరుస ఒకే ఉష్ణోగ్రతకు కట్టుబడదు. 193లో మామూలుగా పన్నెండు పదిహేను లక్షల డిగ్రీల ప్లాస్మా కనిపించినా, పెద్ద జ్వాల రేగినప్పుడు కోటి డిగ్రీలు దాటిన ఇనుమూ అందులోకి చొరబడుతుంది. అందుకే పరిశోధకులు ఒక్క చిత్రాన్ని నమ్మి తీర్పు చెప్పరు. ఆరేడు వరుసలను పక్కపక్కన పెట్టి, ఏ వేడి దగ్గర ఎంత పదార్థం ఉందో లెక్కగడతారు.

కెమెరా కట్టడమే ఓ సవాలు

మామూలు అద్దం ఈ కాంతిని తిప్పికొట్టదు, పీల్చేసుకుంటుంది. గాజు కటకాల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే అద్దం మీద మాలిబ్డినం, సిలికాన్ లాంటి రెండు పదార్థాలను ఒకదాని మీద ఒకటిగా, ఒక్కో పొర కొన్ని నానోమీటర్ల మందంతో పదుల సార్లు పూస్తారు. ఒక్కో పొర దగ్గర కొద్దికొద్దిగా వెనుదిరిగిన తరంగాలు లయ కలిస్తే ఒకదానికొకటి బలాన్నిస్తాయి. పొరల మందాన్ని మార్చి, ఏ తరంగం లయ కలవాలో ముందే నిర్ణయించుకోవచ్చు. 171కి ఒక మందం, 193కి మరో మందం. అద్దమే వడపోత కూడా అన్నమాట.

సూర్యుడి మామూలు వెలుగు ఏ సందునుంచి దూరినా చిత్రం పాడవుతుంది. దాన్ని ఆపడానికి ముందు వైపు 150 నానోమీటర్ల స్థాయి అల్యూమినియం రేకు అమరుస్తారు. మిల్లీమీటరును ఆరు వేలకు పైగా పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత మందం. అది చిరగకుండా సన్నని లోహపు జాలి మీద నిలబెడతారు. పెద్ద జ్వాల రేగినప్పుడు చిత్రంలో గుణకారపు గుర్తులా నలువైపులా చారలు విస్తరించడానికి కారణం ఆ జాలి మీద కాంతి వంగడమే. అవి చూసి సూర్యుడి పక్కన వింత నౌకలున్నాయని ప్రచారం చేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

మరో బెడద వృద్ధాప్యం. నౌక భాగాల నుంచి వెలువడే కర్బన పదార్థాల ఆవిరి రేకుల మీద, అద్దాల మీద పేరుకుంటుంది. అతినీలలోహిత కాంతికి అది మరింత గట్టిపడి ఏటికేడు కెమెరా చూపు తగ్గుతుంది. సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీలో 304 వరుస ఇలా బాగా మసకబారింది. ఎంత మసకబారిందో తెలిస్తేనే లెక్కలు సరిచేయగలరు. అందుకోసం కొలతలు సరిచూసుకున్న పరికరాలను చిన్న రాకెట్లలో కొన్ని నిమిషాలు పైకి పంపి, అదే సమయంలో నౌక ఇచ్చిన అంకెలతో పోలుస్తారు.

దగ్గరికి, ధ్రువాల వైపు

భూమి దగ్గర నుంచి చూస్తే సూర్యుడి ముందు భాగమే కనిపిస్తుంది. 2006లో వెళ్లిన స్టీరియో జంట నౌకల్లో ఒకటి భూమికి ముందు, మరొకటి వెనక నడిచాయి. 2011 ఫిబ్రవరిలో అవి సూర్యుడికి చెరోవైపు చేరి, అతినీలలోహితంలో మొత్తం సూర్యుణ్ని ఒకేసారి చూపించాయి. 2020 ఫిబ్రవరిలో బయలుదేరిన యూరప్ వారి సోలార్ ఆర్బిటర్ మరింత దగ్గరికి వెళ్లింది. అదే ఏడాది మే 30న సుమారు 8 కోట్ల 30 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి 17.4 నానోమీటర్లలో తీసిన చిత్రాల్లో, అంతకుముందు ఎవరూ గమనించని చిన్న చిన్న మెరుపులు కనిపించాయి. శాస్త్రవేత్తలు వాటిని ముద్దుగా చలిమంటలు అన్నారు. అవి 400 నుంచి 4,000 కిలోమీటర్ల పొడవుండి, సెకన్ల నుంచి మూడు నాలుగు నిమిషాల్లో ఆరిపోతాయి. వాటి వేడి పది లక్షల డిగ్రీలకు పైనే. ప్రశాంతంగా ఉందనుకున్న ప్రాంతాల్లోనూ అవి కనిపించడం, కరోనాను వేడెక్కించే శక్తిలో కొంత వాటిదేమో అన్న చర్చకు ఊపిరి పోసింది. ఆ శక్తికి అవి సరిపోతాయా అన్నది ఇంకా లెక్క తేలలేదు.

2025 మార్చిలో ఆ నౌక సూర్యుడి మధ్యరేఖకు 17 డిగ్రీలు దిగువకు వంగి దక్షిణ ధ్రువాన్ని చూసింది. గ్రహాలన్నీ ఇంచుమించు సూర్యుడి మధ్యరేఖ తలంలోనే తిరుగుతాయి కాబట్టి, అంత వాలుగా ధ్రువాన్ని ఫొటో తీయడం అదే మొదలు. పదకొండేళ్ల సౌరచక్రంలో అయస్కాంత ధ్రువాలు తారుమారయ్యే తీరు అర్థం కావాలంటే అక్కడ చూడక తప్పదు.

ఆదిత్య చూసేది వేరే పొర

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ57 మోసుకెళ్లిన ఆదిత్య-ఎల్1లో అతినీలలోహిత చిత్రాలు తీసే పరికరం పేరు సూట్. పుణేలోని ఐయూకా సంస్థ నాయకత్వంలో రూపొందింది. నౌక 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు చుట్టూ హేలో కక్ష్యలో కుదురుకుంది. అక్కడి నుంచి సూర్యుడు రాత్రీ పగలూ లేకుండా, గ్రహణం అడ్డు లేకుండా కనిపిస్తాడు.

సూట్ 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య, 11 ఫిల్టర్లతో పూర్తి బింబాన్ని చిత్రిస్తుంది. ఇది నాసా నౌక చూసే కరోనా ఇనుము కాంతి కాదు. అంతకంటే దిగువన, ఉపరితలం నుంచి దానిపై ఉన్న క్రోమోస్ఫియర్ దాకా విస్తరించిన పొరల కాంతి. అందులో 279.6, 280.3 నానోమీటర్ల దగ్గరి మెగ్నీషియం గీతలు, 396.8 దగ్గరి కాల్షియం గీత ముఖ్యమైనవి. ఈ శ్రేణి మొత్తంలో పూర్తి బింబాన్ని ఇలా చిత్రించిన తొలి పరికరం ఇదేనని ఇస్రో ప్రకటించింది. దీని ఇబ్బంది నాసా కెమెరా ఇబ్బందికి తలకిందులు. ఈ తరంగాల్లో సూర్యుడు మితిమీరి వెలుగుతాడు. అందుకే ముందున్న ఫిల్టరు వచ్చే వెలుగులో ఒక శాతం కూడా లోపలికి వదలదు.

2024 ఫిబ్రవరి 22న ఎక్స్6.3 శ్రేణి భారీ జ్వాల రేగినప్పుడు సూట్ దాన్ని పట్టుకుంది. దిగువ పొరల్లో వెలుగు పెరగడం, పైన కరోనాలో ప్లాస్మా వేడెక్కడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని ఆ చిత్రాలు చూపించాయి. జ్వాల శక్తి పైనుంచి కిందికి ఎలా చేరుతుందన్న సిద్ధాంతాలకు ఇది నేరుగా అందిన సాక్ష్యం. కరోనాను చూసే నౌక, కింది పొరలను చూసే నౌక చేతులు కలిపితేనే కథ పూర్తవుతుంది.

మనకేంటి?

పదకొండేళ్ల చక్రంలో సూర్యుడి మొత్తం వెలుగు మారేది దాదాపు 0.1 శాతమే. పొట్టి తరంగాల అతినీలలోహితం మాత్రం రెట్టింపుకు మించి మారుతుంది. అది మన వాతావరణపు పైపొరలను వేడెక్కించి ఉబ్బిస్తుంది. ఉపగ్రహాలకు గాలి ఒరిపిడి పెరిగి అవి ఎత్తు కోల్పోతాయి. సూర్యుడి మీది పేలుళ్లు భూమి అయస్కాంత క్షేత్రంలో రేపే అయస్కాంత తుపానులూ ఇదే పని చేస్తాయి. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు తుపానుకే, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 కూలిపోయాయి. 1989 మార్చి 13న ఇలాంటి తుపానుకే కరెంటు పోయి కెనడాలోని క్యూబెక్‌లో అరవై లక్షల మంది సుమారు తొమ్మిది గంటలు చీకట్లో మగ్గారు. 2024 మేలో వచ్చిన తుపాను వల్ల ధ్రువ కాంతుల ఎర్రటి మెరుపు లడఖ్‌లోని హాన్లేలోనూ కనిపించింది. ఓజోన్ తయారయ్యేదీ, విచ్ఛిన్నమయ్యేదీ కూడా అతినీలలోహితం వల్లే. సూట్ చూసే 200–400 శ్రేణిలో మార్పులను కొలవడానికి ఇది మరో కారణం.

సూర్యుడి నుంచి వెలుగు మనకు ఎనిమిది నిమిషాల పైచిలుకులో చేరుతుంది. పేలుడుతో విసిరేసిన ప్లాస్మా మేఘానికి మాత్రం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఈ తేడాయే మనకు దొరికే గడువు. ఏ మచ్చ దగ్గర పేలింది, భూమి వైపేనా అన్నవి మొదట చెప్పేవి అతినీలలోహిత చిత్రాలే.

ఇవన్నీ తాళం వేసిన గదుల్లో లేవు. సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ చిత్రాలు, కొలతలు ఎవరికైనా ఉచితం. ఆదిత్య-ఎల్1 సమాచారాన్నీ ఇస్రో 2025 జనవరి నుంచి ప్రజలకు అందుబాటులో ఉంచింది. వీటిని చదవడానికి సన్‌పై లాంటి ఉచిత పైథాన్ ఉపకరణాలున్నాయి. ఒక కరోనా రంధ్రాన్ని 193 చిత్రాల్లో వారం రోజులు వెంబడించి, అది భూమికి ఎదురుగా వచ్చిన రెండు నాలుగు రోజులకు సౌరపవనం వేగం పెరిగిందో లేదో పోల్చి చూడటం డిగ్రీ విద్యార్థి చేయదగ్గ ప్రాజెక్టు. దీనికి ప్రయోగశాల, టెలిస్కోపు అక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఇంటర్నెట్ చాలు. మన కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పే అధ్యాపకులు ఈ ఏడాది ప్రాజెక్టుల జాబితాలో దీన్ని చేర్చాలి.